ఒక్క పలక
(పదిహేడో భాగం)

"మూడో ర్యాంకు మా బుల్లిది. ఊరంతా ఎరిగిందే. మరి నీ కూతురికీ మూడో ర్యాంకే ఎలగొచ్చింది సన్యాసయ్యా? ఒకే పీట మీద ఇద్దరు పెళ్లికూతుళ్లని కూకోబెడతావేటి?"

రామలింగం అరుపుకి వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరూ ఇటు తిరిగారు.

వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో ఆగిపోయింది అమ్మడు. ముప్పై మూడేళ్ల కాపురంలో భర్త కోపం ఆమెకి కొత్త కాదు. కాని ఈ పొద్దు ఆ కోపం అడుగున ఏదో బెదురు వినిపించింది.

సన్యాసయ్య అరుగు ఎక్కలేదు. కింద మెట్టు దగ్గరే నిలబడ్డాడు. మున్సిపాలిటీలో నీళ్ల పని అతనిది. రోజూ తెల్లారి ఇనప కడ్డీ భుజాన వేసుకొచ్చి వాల్వు తిప్పి, రాయగడలో సగం ఊరికి నీళ్లొదిలే మనిషి. ఇరవై ఏళ్లుగా ఈ ఇంటి ముందు నుంచి పోవడమే గాని ఏనాడూ తలెత్తి చూసింది లేదు. ఈ రోజు చేతిలో కడ్డీ లేదు. రెండు కాగితాలున్నాయి.

"బాబూ, నాను సదువుకున్నోణ్ని కాను. ఈ రెండు కాయితాలూ మీ సమితి సైటులోంచి తీసినవే. సోమారం పదకొండున్నరకి నెట్ షాపులో తీస్తే మా పైడితల్లికి సీటు రానేదన్నాది. పిల్ల రోజల్లా అన్నం ముట్టనేదు. సాయంత్రం దాని స్నేహితురాలు మల్లా ఒకపాలి సూడమంటే సూసేం. మూడో ర్యాంకు, సీటొచ్చింది అన్నాది. అంకె ఒకటే. పిల్ల ఒకర్తే. ఏది నిజమో మీరే సెప్పండి. ఎలిపోతాను."

"రెండోది దొంగ కాయితం. ఆ నెట్ షాపు దేబాశిష్ గాడికి ఎంతిచ్చి కొట్టించేవు?"

"నిన్న కొరాపుట్ హాస్టల్ కాడా ఇదే మాటన్నారు బాబూ. మూడో ర్యాంకు పిల్ల మంగళారమే సేరిపోయింది, ఇది దొంగ కాయితం పొమ్మని గేటు కాడినుంచే తిప్పీసేరు. రైలు దిగి ఇంటికొచ్చేదాకా పిల్ల ఒక్క మాట మాటాడ్నేదు. ఏడ్సినా బాగుణ్ను."

అమ్మడు ముందుకొచ్చి కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టింది. "తాగు సన్యాసయ్యా. తరవాత మాటాడుకుందాం."

"వద్దమ్మా. మాట తేలాక మంచినీళ్లయినా తాగుతాను."

గ్లాసు అక్కడే ఉండిపోయింది. మీద మీగడ కట్టింది.

నర్సు చదువుకి నలభై సీట్లు. కొరాపుట్, రాయగడ రెండు జిల్లాల నుంచి నాలుగు వేల మంది ఆడపిల్లలు పరీక్ష రాశారు. ఆ సీట్లిచ్చే వర్తకుల సేవాసమితికి అధ్యక్షుడు రామలింగం. ఆడపిల్లల పేర్లు గోడకంటించి వీధిన పెట్టకూడదన్నది ఆయన మాటే. ఎవరి హాల్ టికెట్ అంకె వాళ్లు సైటులో కొట్టుకోవాలి. సీటొచ్చినట్టున్న కాగితం తీసుకుని శుక్రవారం మధ్యాహ్నం లోపల హాస్టల్లో చేరాలి. లేకపోతే ఆ సీటు తరవాతి వాళ్లకి పోతుంది.

ఈ రోజు గురువారం.

"పోలీసుల్ని పిలిపించమంటావా?" అన్నాడు రామలింగం.

"పిలిపించండి బాబూ," అన్నాడు సన్యాసయ్య. "ఆళ్లయినా సెప్తారేమో, ఏది నిజమో."

ఆ మాటలో వెటకారం లేదు. రామలింగం విసురుగా లోపలికి తిరిగి కేకేశాడు.

"బిందూ! ఇలా రా అమ్మీ!"

కోడలు బిందుశ్రీ అప్పటికే తలుపు వెనక నిలబడి ఉంది. గుణుపురంలో కంప్యూటరు చదువు చదివిన పిల్ల. ఈ ఇంటికొచ్చి పద్నాలుగు నెలలు. ఫలితాల రోజున సైటు చూసుకోవడం మావగారు తనకి అప్పజెప్పినప్పుడు ఎంత మురిసిపోయిందో అమ్మడికి తెలుసు.

"ఆ రోజు యంత్రం కాడ కూకున్నది నువ్వే గదా?"

"నేనే మావయ్యగారూ."

"ముమ్మారు ఆగిపోయిందన్నావు. నువ్వే మల్లా లేపేవు. ఆ లేపడంలో ఏదో సెయ్యి తగిలీసుంటాది. సాయంత్రం సమితి మీటింగు ఉంది. అందరి ముందూ ఒక్క మాట సెప్పీ. నా సెయ్యి జారి ఈ పిల్లకి తప్పు కాయితం వెళ్లింది, దానికి సెల్లదు అని. అక్కడితో సరి."

బిందుశ్రీ తల అడ్డంగా ఊపింది. "నా చెయ్యి జారలేదు మావయ్యగారూ."

"నీకేం పోయింది? సిన్నపిల్లవి. కొత్తదానివి. ఎవరూ ఏమీ అనుకోరు."

"నాకేం పోతుందా?" ఆ పిల్ల ఆగలేదు. "తప్పెక్కడుందో తెలియకుండా నాదని ఎలా ఒప్పుకుంటాను? నేనొప్పుకున్నంత మాత్రాన ఆ అమ్మాయి కాగితం దొంగదైపోతుందా?"

ఇంట్లో ఎవరూ రామలింగానికి ఎదురు చెప్పి ఎరగరు.

"మధ్యాహ్నం దాకా టైమివ్వండి," అంది బిందుశ్రీ, ఈసారి మెల్లగా. "ఎక్కడ తప్పిందో చూపిస్తాను. చూపించలేకపోతే మీరు చెప్పమన్నది చెప్తాను."

రామలింగం సన్యాసయ్య వైపు చూశాడు. "విన్నావు గదా? మజ్జానం రా."

"ఇక్కడే ఉంటాను బాబూ," అని సన్యాసయ్య మెట్టు పక్కన నేల మీద కూర్చున్నాడు.

* * *

కంప్యూటరు గది పూజగదికి ఆనుకుని ఉంది. మధ్య తలుపు లేదు, తెర ఒకటే. తెర అవతల అమ్మవారి పాదాల దగ్గర, నాలుగు మూలలా పసుపు రాసి పెట్టిన కాగితం ఉంది. బుల్లిది. మూడో ర్యాంకు. ఒరిజినలు బుల్లి తనతో కొరాపుట్ పట్టుకెళ్లింది. ఇది ఇంటికని తీసింది.

బుల్లి అమ్మడి చెల్లెలి కూతురు. కాన్పులో పోయిన చెల్లెలు ఆ పిల్లని పొత్తిళ్లతో అక్క చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్లు. మంగళవారం రైలెక్కించి వచ్చాక అమ్మడు నెత్తిన ఘటం ఎత్తుకుని, తడిబట్టలతో నడిచి మొక్కు చెల్లించింది.

ఇప్పుడు ఆ కాగితం వైపు చూడాలంటే ఆమెకి కళ్లు లేవడం లేదు.

ఒక పీట మీద ఇద్దరు కూర్చోలేరు. భర్త మాట నిజమే. కాని లేవవలసిందెవరో ఆయన చూడకుండానే తీర్పు చెప్పేశాడు కదా?

"అత్తయ్యా," అంది బిందుశ్రీ, కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండానే. "ఒక మాట అడుగుతాను. నేను వెతకడం మొదలుపెడితే బయటపడేది ఏదైనా బయటపడుతుంది. వెతకమంటారా?"

అమ్మడు తెర సర్దింది. కుంకుమ భరిణె మూత పెట్టింది.

"నువ్వు బుల్లి అంకె సూసేవేటి?"

"లేదు. మార్కులన్నీ ఉన్న అసలు పట్టీ ఇందులో ఉంది. చూడాలంటే ఒక్క నిమిషం పని. భయమేసి చూడలేదు. పైగా ఊరికే పట్టీ చూపిస్తే మావయ్యగారు నమ్ముతారా? అది నేనే రాశానంటారు. ఎలా తప్పిందో చూపిస్తేనే ఎవరిది తప్పో తెలిసేది."

"ఎతుకమ్మీ," అంది అమ్మడు. అని చాప మీద కూలబడింది.

తమ సరుకుల కొట్లో తూకం తేడా వస్తే ముందు కాటా చూస్తారు, తరవాత గుండ్లు చూస్తారు, ఆఖర్న మనిషిని చూస్తారు. కోడలు పని కూడా అలాగే కనిపించింది అమ్మడికి. సైటు నడిచే పెద్ద యంత్రం విశాఖలో ఎక్కడో అద్దెకుంది. మళ్లీ ఆగిపోతే గొడవన్న భయానికి రామలింగం మంగళవారమే సైటు మూయించేశాడు. దాని నకలు ఇంట్లో ఉంది. ఆ నకలుని ఆపి, లేపి, మళ్లీ అడిగి చూసింది బిందుశ్రీ. ఇరవై సార్లు చేసింది. ఇరవై సార్లూ సరైన ఫలితమే వచ్చింది.

"ఆపి లేపడంలో తప్పు లేదు," అంది. అసలు పట్టీలో అంకెలు రెండేసి ఉన్నాయేమోనని చూసింది. లేవు.

"ఒక్కొక్కరూ అడిగితే తప్పే రావట్లేదత్తయ్యా. ఆ రోజు నాలుగు వేల మందీ ఒక్కసారి మీదపడ్డారు. అప్పుడే తప్పింది. అంటే గుంపులోనే ఏదో ఉంది."

అప్పుడు కొట్టు నుంచి వచ్చాడు అమ్మడి కొడుకు సూర్యం. గుమ్మంలోనే ఆగి భార్య తెరిచిపెట్టిన పేజీ చూశాడు.

"అది నా కోడు గదా? దాన్నెందుకు కెలుకుతున్నావు?"

"చదువుతున్నాను."

"చదవడానికేటుంది? ఏడేళ్లుగా నడుస్తోంది. చింతపండు, అల్లం, ఒలిసె గింజల రోజు ధరలు గుణుపురం నుంచి జయపురం దాకా ఎవడు చూసినా ఒక్క తప్పు రాలేదు. నీ చేతిలోకొచ్చిన ఒక్కరోజుకి వచ్చింది."

"రోజుకి పదిమంది చూసేదండి అది. ఆ పదిమంది చూసే సైటుకే ఫలితాలు తగిలించమన్నది మీరూ మావయ్యగారూ."

"నా రాతలో తప్పుందంటావు."

"అనలేదు. ఇది చెప్పండి." తెర మీద ఒక వరుస వేలుతో చూపించింది. "అడిగిన మనిషి ఫలితం పట్టీలోంచి తీసి ఇక్కడ పెడుతున్నారు. తరవాత ఇక్కడినుంచే చదివి కాగితం మీద వేస్తున్నారు. ఈ 'ఇక్కడ' అన్నది మనిషికొకటా, అందరికీ కలిపి ఒకటేనా?"

సూర్యం వంగి చూశాడు. తను రాసిందే అయినా ఏడేళ్లనాటిది. పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

"ఒకటే," అన్నాడు. "మన గద్దె మీద పలక లాగ."

ఆ మాట అన్నాక తనే ఆగిపోయాడు.

అమ్మడికి కోడు తెలియదు గాని పలక తెలుసు. మావగారి కాలం నుంచి కొట్లో ఒకటే పలక. గుమస్తా గోవిందరాజులు కాటా దగ్గర మనిషి పేరూ తూకమూ పలక మీద రాసి గద్దె మీద పెడతాడు. గద్దె మీద కూర్చున్నవాళ్లు చూసి చీటీ రాసిస్తారు. తడిగుడ్డతో తుడిచి పలక వెనక్కి పోతుంది. తరవాతి మనిషి. రెండో పలక కొందామని సూర్యం చిన్నప్పుడే అడిగితే తాతగారు తిట్టారు. రెండు పలకలుంటే రెండు లెక్కలొస్తాయి, ఒకరి సరుకు ఒకరికి పోతుంది అని. కంప్యూటరు నేర్చుకొచ్చిన సూర్యానికి ఆ కొట్టే బడి. అలాగే రాశాడు.

"మన కొట్లో మనిషి వెనక మనిషి వస్తాడు," అంది బిందుశ్రీ. గొంతులో గెలిచానన్న ధ్వని ఎక్కడా లేదు. "సోమవారం నాడు గోవిందరాజులు గారి లాంటి వాళ్లు వందమంది ఒకే పలక మీద రాశారు. ఒకరిది రాసి గద్దె మీద పెట్టేలోపల ఇంకొకరు తుడిచి తమది రాసేశారు. గద్దె మీదవాడు మాత్రం మొదటివాళ్ల పేరు మీదే చీటీ ఇచ్చాడు. అంకె వాళ్లదే. ఫలితం ఇంకొకరిది."

"ఊహ," అన్నాడు సూర్యం. "అంత వేగంగా జరిగేది నువ్వెలా చూపిస్తావు?"

"వేగం తగ్గిస్తాను."

ఒక్క వరుస రాసింది. రాయడానికీ చదవడానికీ మధ్య యంత్రం పది సెకన్లు ఊరికే ఆగాలని. కొట్టు నుంచి పాత కంప్యూటరు తెప్పించి తీగ కలిపింది. పాత దాని ముందు భర్తని కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, మీరిక్కడ కూచోండి."

"నాకేటొచ్చు? నన్నొదిలీ."

"ఒక్క మీట నొక్కడమే. నేను నొక్కితే నా చెయ్యి జారిందంటారు. మీ చెయ్యి జారిందని ఈ ఇంట్లో ఎవరూ అనరు."

అమ్మడు తడిచేతులు చెంగుకి తుడుచుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"ఏ అంకెలు కొట్టాలి?" అన్నాడు సూర్యం.

పూజగది తెర వెనక కాగితం. బయట మెట్టు పక్కన మనిషి.

"నాది బుల్లిది," అంది అమ్మడు. "నీది ఆ పిల్లది."

అంకె ఆమెకి నోటికొచ్చు. పరీక్ష రోజు నుంచి దీపం పెట్టినప్పుడల్లా అమ్మవారికి చెప్పుకున్నదే. ఒకటి, ఒకటి, ఎనిమిది, ఏడు. ఒక్కొక్క మీటా వెతుక్కుని కొట్టింది. పెద్ద మీట నొక్కింది. రెండు సెకన్లాగి సూర్యం నొక్కాడు.

పది సెకన్లు.

అమ్మడు ముందున్న తెర మీద అక్షరాలు వచ్చాయి. ఒకటి, ఒకటి, ఎనిమిది, ఏడు. మూడో ర్యాంకు. సీటు వచ్చింది.

"వచ్చింది!" అంది అమ్మడు. ఆమె రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. "సూసేవా అమ్మీ, మన బుల్లిదే! తల్లీ, నువ్వున్నావు."

బిందుశ్రీ కదల్లేదు. "ఇప్పుడు మీరొక్కరే నొక్కండత్తయ్యా. ఆయన నొక్కరు."

అమ్మడు మళ్లీ కొట్టింది. ఈసారి ఎనిమిది రెండుసార్లు పడితే కోడలు చెరిపింది. పది సెకన్లు. తెర మీద అదే అంకె. దాని కింద ర్యాంకు అరవై ఒకటి. సీటు రాలేదు.

"మల్లా," అంది అమ్మడు.

అరవై ఒకటి.

"మల్లా నొక్కుతాను."

"అమ్మా," అన్నాడు సూర్యం.

ఆమె మళ్లీ నొక్కింది. అరవై ఒకటి. ఆరోసారికి సూర్యమే లేచి వచ్చి తల్లి చెయ్యి మీట మీంచి తీశాడు.

* * *

ముందు మాట్లాడింది సూర్యమే.

"ఒకటి చేద్దాం. ఆ పిల్లకి సీటుందని చెప్పేద్దాం. సీట్లు నలభయ్యొకటి చేయిద్దాం. నాన్న మాట సమితిలో ఎవరూ కాదనరు. బుల్లి సంగతి మనం ముగ్గురం తప్ప..."

"ముగ్గురమేనా?" అంది బిందుశ్రీ.

"మరి ఇంకెవరికి తెలుసు?"

ఆమె టేబులు మీంచి ఒక కాగితం తీసింది. చేతిరాతతో అంకెలు, పైనించి కింద దాకా. "ఎవరు ఏ క్షణంలో ఏ అంకె అడిగారో విశాఖ యంత్రం రాసుకుంటుంది. పొద్దున్న తెప్పించాను. ఒకే క్షణంలో ఇద్దరు ముగ్గురు తగులుకున్న అంకెలు ఇవి. మొత్తం డెబ్బై మూడు. అందరికీ తప్పు వెళ్లిందని కాదు, వెళ్లి ఉండొచ్చు. అందులో పట్టీ ప్రకారం సీటొచ్చినవాళ్లు తొమ్మిది మంది. నందపూర్ పిల్ల ఉంది, లమ్తపుట్ పిల్ల ఉంది. రెండోసారి చూడకపోతే వాళ్లు రాలేదనుకుని ఇంట్లోనే ఉంటారు. రేపు మధ్యాహ్నం గేటు మూసేస్తారు."

సూర్యం ఆ కాగితం అందుకోలేదు. పలక మీద తుడిచినంత తేలిగ్గా తుడవలేని అంకెలవి.

"నాది తప్పు," అన్నాడు నేల వైపు చూస్తూ. "పొద్దున్న నాన్న నిన్ను తిట్టేరని కొట్టుకి కబురొచ్చింది. అయినా రాలేదు నేను. నువ్వే ఏదో చేసుంటావనుకున్నాను."

బిందుశ్రీ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం అమ్మడికి గుచ్చుకుంది. పొద్దున్న కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి తను మాత్రం ఏమంది?

ఆమె తెర తొలగించి పూజగదిలోకి వెళ్లింది. తల్లీ, అరవై ఒకటని నీకు ముందే తెలుసు కదా. మరి ఆ మొక్కు ఎందుకు పుచ్చుకున్నావు? అడిగింది గాని నిష్ఠూరంగా కాదు. నిజంగా తెలియక అడిగింది. అమ్మవారి మొహం రోజూ ఉన్నట్టే ఉంది. పసుపు మరకల కాగితం తీసి, మడిచి, కొంగున ముడేసుకుంది.

"అత్తయ్యా, ఎక్కడికి?"

"నువ్వు రా. నువ్వుండాల."

* * *

అరుగు మీద రామలింగం పడక్కుర్చీలో ఉన్నాడు. సన్యాసయ్య నేల మీద అలాగే ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఎండ సగం మెట్టు దాకా వచ్చింది.

"ఏటి తేలింది?" అన్నాడు రామలింగం కోడలి వైపు చూసి.

జవాబు అమ్మడు చెప్పింది. "సన్యాసయ్యా, నీ రెండో కాయితం నిజం. మూడో ర్యాంకు నీ కూతురిది. మా యంత్రం తప్పు సెప్పింది. మా బుల్లిది అరవై ఒకటి. దానికి సీటు రానేదు."

రామలింగం కుర్చీలో ముందుకి వంగాడు. "నీకేటి తెలుసని ఆ కూతలు? లోపలికెల్లు."

"నా సేత్తో నాను నొక్కి సూసేను. ఆరుపాలి."

"బుల్లి నీ సెల్లెలి కూతురే! తెలిసే మాటాడతన్నావా?"

"తెలిసే."

"సమితిలో నా మొహం ఎలా పెట్టుకోమంటావు?"

"పొద్దున్న కోడల్ని పెట్టుకోమన్నారు గదా మొహం. అలాగే," అంది అమ్మడు. గొంతు పెంచలేదు. "కొత్తదానివి, ఎవరూ ఏమీ అనుకోరన్నారు. మీరు పాతోరు. మిమ్మల్ని అసలే అనుకోరు."

కుళాయి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. రామలింగం ఆ వైపు చూడలేదు. భార్యనే చూస్తున్నాడు, ఈవిడ ఎవరా అన్నట్టు.

బిందుశ్రీ అంకెల కాగితం మావగారి ఒళ్లో పెట్టింది. "తొమ్మిది మందికి ఈ రోజే కబురు వెళ్లాలి మావయ్యగారూ. గడువు పొడిగించాలి. మీ ఒక్కరి మాట మీదే అవుతుంది."

ఆయన కాగితం చూశాడు. కళ్లజోడు లేకుండా చదవలేడు. తెమ్మని అడక్కుండా కూర్చుండిపోయాడు.

సన్యాసయ్య లేచి నిలబడ్డాడు. గెలిచినవాడి మొహం కాదది. "మరి మీ పాప?" అన్నాడు. "నా పిల్ల మీ పిల్లని లేపీసి కూకున్నట్టవదామ్మా?"

"నీ పిల్ల పీట అది. మాదే తెలీక కూకుంది."

"తెలీక" అన్న మాట దగ్గర ఆమె లోపలి ఫోను వైపు చూసింది. బుల్లికి తెలియదు. అక్కడ పాపం తెల్ల బట్టలు కుట్టించుకుంటూ ఉంటుంది. దానికెవరు చెప్పాలి? ఈ ఇంట్లో మగవాళ్ల చేత చెప్పిస్తే తట్టుకోగలదా?

"సూర్యం, హాస్టల్‌కి ఫోను కలుపు."

ముందు గదిలో ఫోను. సూర్యం అంకెలు తిప్పి రిసీవరు తల్లి చేతికిచ్చాడు. అవతల ఎవరో ఒరియాలో, "ధరంతు, ధరంతు, డాకుఛి," అంది. పట్టుకోండి, పిలుస్తున్నాను అని. మెట్ల మీద చెప్పుల చప్పుడు పరుగున వచ్చింది.

"పెద్దమ్మా!"

ఆ ఒక్క పిలుపుకి అమ్మడు కూడగట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. "బాగున్నావా అమ్మీ? తిన్నావా?"

"తిన్నాను."

"నీకో మాట సెప్పాల. గుండె దిటవు సేసుకుని విను. తప్పు నీది కాదు. ఎవరిదీ కాదు. మీ సూర్యం అన్నయ్య రాసిన యంత్రం..."

అమ్మడు రిసీవరు రెండో చెవికి మార్చుకుంది.

"బుల్లీ? వింటన్నావా?"

"అరవై ఒకటి," అంది బుల్లి.

అమ్మడికి ముందు అర్థం కాలేదు.

"సోమారం సాయంత్రం సంతకాల కాయితాలు జిరాక్సు తీయించడానికి దేబాశిష్ షాపుకి ఎల్లేను గదా పెద్దమ్మా. అక్కడ ఊరికే మల్లా కొట్టి సూసేను. అరవై ఒకటనొచ్చింది. మల్లా కొట్టేను. అదే వచ్చింది. ఇంటికొచ్చీసరికి నువ్వు నా పెట్టె సర్దీసి ఉంచేవు. పెదనాన్న నన్ను పేరెట్టి పిలిచి పక్కన కూకోబెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఎలా సెప్పమంటావు?"

అమ్మడు కొంగున ముడేసిన కాగితం పిడికిట్లో పట్టుకుంది.

"నిన్న ఒక పిల్ల వచ్చింది. నా అంతే ఉంటాది. మూడో ర్యాంకు నాదంటే గేటు కాడ అందరూ దొంగదన్నారు. నాను మేడ మీద కిటికీలోంచి సూస్తన్నాను పెద్దమ్మా. దిగి ఒక్క మాట సెప్తే సరిపోను. కిటికీ తలుపేసీసేను."

గుమ్మంలో రామలింగం వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక సన్యాసయ్య, బిందుశ్రీ, సూర్యం. అందరూ అమ్మడి మొహమే చూస్తున్నారు.

"ఏటంటంది?" అన్నాడు సన్యాసయ్య మెల్లగా. "సిన్నపిల్ల. బెంగెట్టుకోవద్దని సెప్పండమ్మా. దానికి మాత్రం ఏటి తెలుసు."

"ఇలా ఇయ్యి, నాను మాటాడతాను," అని రామలింగం చెయ్యి చాపాడు.

అమ్మడు రిసీవరు గుండెకి అదుముకుంది. ఇవ్వలేదు.